మైదానం నుంచి గెంటేసే ముందు ఎవరు విన్నారు?

2018 ఏప్రిల్ 7న హైదరాబాద్ ఫిల్మ్‌నగర్‌లో, ఫిల్మ్ ఛాంబర్ ముందు రోడ్డు మీద నటి శ్రీరెడ్డి అర్ధనగ్నంగా కూర్చుని నిరసన తెలిపారు. అవకాశాల పేరుతో ఆడవాళ్లను లైంగికంగా దోచుకుంటున్నారని, తెలుగు అమ్మాయిలను పక్కన పెడుతున్నారని, అందరూ 'మా' అని పిలిచే మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్ తనకు సభ్యత్వం ఇవ్వడం లేదని ఆమె ఆరోపణ. ఒకటి రెండు రోజుల్లోనే సంఘం పెద్దలు విలేకరుల ముందుకు వచ్చారు. ఆమెకు సభ్యత్వం ఇచ్చేది లేదన్నారు. ఉన్న తొమ్మిది వందల మంది సభ్యుల్లో ఎవరూ ఆమెతో నటించకూడదన్నారు. జాతీయ మానవ హక్కుల కమిషన్ ఈ వార్తను తనంతట తానే విచారణకు తీసుకుని రాష్ట్ర ప్రభుత్వానికి, కేంద్ర సమాచార ప్రసార శాఖకు నోటీసులు పంపింది. వారం తిరగకుండానే సంఘం నిషేధం ఎత్తేసింది.

శ్రీరెడ్డి నిరసన పద్ధతి మీద, ఆ తర్వాత ఆమె మాట్లాడిన మాటల మీద రకరకాల అభిప్రాయాలు ఉన్నాయి, ఉంటాయి. మేము అడిగేది వేరు. సభ్యురాలే కాని మనిషి మీద ఒక సంఘం ఏ నియమం కింద చర్య తీసుకుంది? విధించింది ఎవరు, ఎత్తేసింది ఎవరు, ఆ రెండింటి మధ్య ఆమె మాట వినడానికి కుర్చీ వేసింది ఎవరు? విధించడం ఎంత తేలికగా జరిగిందో, ఎత్తేయడం కూడా అంతే తేలికగా జరిగింది. రెండుసార్లూ పనిచేసింది నియమం కాదు, బయటి ఒత్తిడి.

సినిమా గొడవ మనకెందుకు, మేము ఆడపిల్లల ఫుట్‌బాల్ గురించి చదవాలనుకుంటున్నాం అనే విద్యార్థినులకు మా జవాబు ఇదే. కాలేజీ, హాస్టల్, బస్తీ జట్లు కలిసి ఒక చిన్న మహిళా లీగ్ పెట్టుకుంటే, అదీ ఒక సంఘమే. దాని చేతిలోనూ అదే ఆయుధం ఉంటుంది: రేపటి నుంచి నువ్వు రావద్దు అనే మాట. జూబ్లీహిల్స్‌లో గంటల లెక్కన అద్దెకిచ్చే కృత్రిమ గడ్డి మైదానాలకూ, వాటికి కూతవేటు దూరంలో ఫిల్మ్‌నగర్ కొండ వాలుల్లో ఉన్న జ్ఞానీ జైల్‌సింగ్ నగర్, దీన్‌దయాళ్ నగర్ లాంటి బస్తీలకూ మధ్య ఉన్న దూరం కిలోమీటర్లలో కొలిచేది కాదు. ఆ మైదానంలోకి అడుగుపెట్టడానికి ఒక బస్తీ అమ్మాయి ఎన్ని మెట్లు ఎక్కి వస్తుందో, ఒక్క వాట్సాప్ మెసేజ్‌తో అన్ని మెట్లూ కిందికి దిగిపోతుంది.

ఒక ఊహా మ్యాచ్

విషయం అర్థం కావడానికి ఒక సందర్భం ఊహించుకుందాం. ఇది ఎక్కడా జరిగిన మ్యాచ్ కాదు, కానీ ఆడినవాళ్లెవరికీ కొత్తగా అనిపించదు.

రెండో సగంలో బంతి కోసం ఇద్దరు అమ్మాయిలు ఒరుసుకుంటారు. నాలుగో నంబరు అమ్మాయి ఒక మాట అంటుంది. బస్తీ నుంచి వచ్చిన పదో నంబరు అమ్మాయి ఆమెను నెట్టేస్తుంది. రెఫరీకి మాట వినబడలేదు, నెట్టడం కనబడింది. ఎర్రకార్డు. ఇంతవరకు ఆటలో మామూలే. ఆ రాత్రి లీగ్ నడిపే నలుగురి గ్రూపులో చర్చ మొదలవుతుంది. 'ఆ అమ్మాయి యాటిట్యూడ్ మొదటి నుంచీ అంతే' అని ఒకరు. 'వాళ్ల లాంగ్వేజ్ చూశారా' అని ఇంకొకరు. 'మన లీగ్‌కి ఒక స్టాండర్డ్ ఉండాలి కదా' అని మూడో వారు. తెల్లారేసరికి పదో నంబరును సీజన్ మొత్తానికి తీసేశామని మెసేజ్. ఆమె గ్రూపులోంచి కూడా తొలగింపు. జవాబు చెప్పడానికి ఇప్పుడు ఆమె ఆ గ్రూపులో లేదు.

ఇక్కడ ఎవరూ కులం పేరు ఎత్తలేదు. కులం పని మాత్రం జరిగిపోయింది. ప్రవర్తన, భాష, స్టాండర్డ్ అనే మాటలకు కొలత ఉండదు. కొలత లేని చోట ఇంట్లో, బడిలో, వీధిలో నేర్చుకున్న కొలతే బయటికి వస్తుంది. గట్టిగా మాట్లాడే అగ్రకుల అమ్మాయి 'పోరాట పటిమ ఉన్న కెప్టెన్' అవుతుంది. అదే గొంతుతో మాట్లాడే మాల, మాదిగ అమ్మాయి 'రౌడీ' అవుతుంది. అందుకే మేము లీగ్ పాలన గురించి మాట్లాడేటప్పుడు ట్రోఫీలు, స్పాన్సర్ల కంటే ముందు క్రమశిక్షణ నియమం చూపించమని అడుగుతాం. వివక్ష కనబడకుండా దాక్కోవడానికి అంతకంటే సౌకర్యమైన చోటు ఇంకొకటి లేదు.

రెఫరీ పని ఎక్కడ అయిపోతుంది

ఫుట్‌బాల్ నియమాల్లో ఐదోది రెఫరీ గురించి. ఆటలో జరిగిన వాస్తవాల మీద రెఫరీ నిర్ణయమే చివరిది అంటుంది. గోలా కాదా, ఫౌలా కాదా, కార్డు ఇవ్వాలా వద్దా. మ్యాచ్ అయ్యాక నలుగురు కూర్చుని దీన్ని తిరగదోడితే ఆట నడవదు. ఎర్రకార్డు పడితే ఆ తర్వాతి మ్యాచ్‌కు దూరం కావడం కూడా దానంతట అదే జరిగేది, ప్రపంచమంతా అంతే. దీనికి విచారణ అక్కర్లేదు.

ఒక మ్యాచ్‌ను దాటి శిక్ష పెంచాలంటే మాత్రం అది రెఫరీ పని కాదు, మరొకరి పని. మూడు మ్యాచ్‌లా, సీజన్ అంతానా, జీవితాంతమా అనేది తేల్చాలంటే మైదానంలో కనబడిన దానికంటే ఎక్కువ తెలియాలి. ముందు ఏం జరిగింది, ఎవరు ఏమన్నారు, ఇంతకు ముందు ఇలాంటి తప్పుకే వేరే జట్టు అమ్మాయికి ఏ శిక్ష వేశారు. మా ఊహా మ్యాచ్‌లో నలుగురు పెద్దలు చేసిన తప్పు కఠినంగా ఉండడం కాదు. రెండు పనులను ఒకటిగా కలిపేయడం. రెఫరీ చూసిన ఒక్క క్షణాన్ని ఆధారంగా పెట్టుకుని, రెఫరీ వినని మాటను అసలు లెక్కలోకి తీసుకోకుండా, ఆరు నెలల శిక్ష వేసేశారు.

చొక్కా గురించి కూడా ఒక మాట. 2011 జూన్‌లో జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో, ఒలింపిక్ అర్హత మ్యాచ్‌కు దిగిన ఇరాన్ మహిళా జట్టును తలకు కట్టుకున్న వస్త్రం నియమాలకు విరుద్ధమని ఆడనివ్వలేదు. 2014లో అదే వస్త్రానికి ఫుట్‌బాల్ నియమాల మండలి అనుమతి ఇచ్చింది. మూడేళ్లలో గుడ్డ మారలేదు, నియమం మారింది. హైదరాబాద్ లాంటి నగరంలో లీగ్ పెట్టేవాళ్లు దుస్తుల నియమం రాసేటప్పుడు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. బూట్ల బ్రాండు, జెర్సీ రంగు, షార్ట్స్ పొడవు లాంటివి శిక్షగా మారితే మొదట బయటికి పోయేది ఎవరో చెప్పనక్కర్లేదు.

చిన్న సంఘానికీ పెద్ద న్యాయం

'ఇదేమన్నా కోర్టా? మేము సరదాకి ఆడుకునేవాళ్లం' అనే మాట వింటూ ఉంటాం. సరదా సంఘమైనా సరే, మనిషిని బయటికి పంపేటప్పుడు పాటించాల్సిన కనీస పద్ధతి ఉందని సుప్రీంకోర్టు 1960ల మొదట్లోనే చెప్పింది. బెల్గాంలోని ఒక ఫ్రీమేసన్ లాడ్జి తన సభ్యుడు టి.పి. డేవర్‌ను బహిష్కరించింది. ఆయన కోర్టుకెక్కారు. అలాంటి స్వచ్ఛంద సంఘాల నిర్ణయాల్లో కోర్టులు ఎక్కువగా తలదూర్చవు, కానీ మూడు సంగతులు చూస్తాయని తీర్పు సారాంశం. సంఘం తన సొంత నియమాలను పాటించిందా, సహజ న్యాయ సూత్రాలను పాటించిందా, మంచి ఉద్దేశంతోనే చేసిందా. డేవర్ ఆ కేసు ఓడిపోయారు, ఎందుకంటే లాడ్జి ఆ పద్ధతి పాటించిందని కోర్టు భావించింది. ఆయన ఓడినా, సూత్రం మాత్రం మనకు మిగిలింది.

సహజ న్యాయం అంటే పుస్తకాల్లో పెద్దగా కనిపిస్తుంది గానీ, అందులో ఉన్నవి రెండే మాటలు. ఒకటి, అవతలి వైపు విను. రెండు, నీ సొంత తగువుకు నువ్వే తీర్పరివి కావద్దు.

మొదటిదాన్ని లీగ్ భాషలోకి తెస్తే ఇలా ఉంటుంది. ఏ తేదీన ఏ మ్యాచ్‌లో ఏం చేశావని ఆరోపణ, అది ఏ నియమానికి విరుద్ధం, ఎంత శిక్ష పడే అవకాశం ఉంది అనేది రాతపూర్వకంగా ఆ అమ్మాయి చేతికి అందాలి. తెలుగులో, ఉర్దూలో, ఆమెకు వచ్చిన భాషలో అందాలి. ఇంగ్లిష్‌లో వచ్చిన సంజాయిషీ నోటీసుకు ఇంగ్లిష్‌లో జవాబు రాయలేక ఊరుకున్న వాళ్లు ఎందరో. ఊరుకోవడాన్ని 'ఒప్పుకుంది' అని రాసుకోవడం కమిటీలకు అలవాటే. జవాబుకు రెండు మూడు రోజులైనా గడువు ఉండాలి. తోడుగా ఒకరిని తెచ్చుకోనివ్వాలి. ఆమె చెప్పింది మినిట్స్‌లో ఎక్కాలి. నిర్ణయానికి కారణాలు రాయాలి. కారణాలు రాయడం అన్నిటికంటే ముఖ్యమని మా అభిప్రాయం, ఎందుకంటే 'యాటిట్యూడ్ బాగోలేదు' అనేది మాట్లాడుకోవడానికి పనికొస్తుంది గానీ, కాగితం మీద కారణంగా రాస్తే రాసినవాడికే సిగ్గేస్తుంది.

రెండో మాట ఇంకా కష్టం. 2024 మార్చి చివరలో గోవాలో మహిళల రెండో స్థాయి జాతీయ లీగ్ జరుగుతున్నప్పుడు, హిమాచల్ ప్రదేశ్‌కు చెందిన ఖాడ్ ఎఫ్‌సీ జట్టు అమ్మాయిలు ఇద్దరు తమ గదిలోకి వచ్చి తమ మీద చేయి చేసుకున్నాడని ఒక వ్యక్తి మీద ఫిర్యాదు చేశారు. ఆయన ఆ క్లబ్బు యజమాని. ఆ రాష్ట్ర ఫుట్‌బాల్ సంఘం ప్రధాన కార్యదర్శి. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య కార్యవర్గ సభ్యుడు కూడా. పోలీసులు అరెస్టు చేశారు, బెయిలు వచ్చింది, సమాఖ్య ఆయన్ను సస్పెండ్ చేసింది. ఆరోపణలో నిజమెంత అనేది తేల్చడం మా పని కాదు. ఆ ఇద్దరు అమ్మాయిల స్థానంలో నిలబడి చూడండి. క్లబ్బులో చెప్పుకుందామంటే ఆయనే. రాష్ట్ర సంఘానికి రాద్దామంటే ఉత్తరం అందుకునేదీ ఆయనే. ఢిల్లీకి వెళ్దామంటే అక్కడి బల్ల చుట్టూ కూర్చున్న వాళ్లలోనూ ఆయనే.

బస్తీ స్థాయి లీగ్‌లో ఇదే బొమ్మ చిన్న సైజులో కనబడుతుంది. లీగ్ కన్వీనరే ఒక జట్టు కోచ్, ఆయన భార్య కోశాధికారి, మైదానం ఇప్పించిన స్థానిక నాయకుడు గౌరవాధ్యక్షుడు. ఇది దురుద్దేశంతోనే జరగాలని లేదు, పనిచేసేవాళ్లు నలుగురే ఉన్నప్పుడు అలాగే అవుతుంది. క్రికెట్ బోర్డులో పదవిలో ఉన్నవారికి ఐపీఎల్ జట్టులో వ్యాపార ప్రయోజనాలు ఉండొచ్చన్న నియమాన్ని సుప్రీంకోర్టు 2015 జనవరిలో కొట్టేసింది. వేల కోట్ల బోర్డుకు చెప్పిన మాట వంద మంది లీగ్‌కు వర్తించదా? వర్తిస్తుంది, దానికి వేల కోట్లు కూడా అక్కర్లేదు. ప్రతి జట్టు నుంచి ఒకరి పేరు తీసుకుని ఒక జాబితా పెట్టుకోవాలి. తగువు వచ్చినప్పుడు ఆ రెండు జట్లకూ సంబంధం లేని ముగ్గురిని చీటీ తీసి ఎంచాలి. అప్పీలుకు ఇంకో ముగ్గురు, వారిలో ఒకరు లీగ్‌కు బయటివారు, ఒక లాయరో, లెక్చరరో. అంతే.

లీగ్ తేల్చకూడని తగువులు

మా ఊహా మ్యాచ్‌లో నాలుగో నంబరు అన్న మాట ఏమిటో మేము చెప్పలేదు. అది కులం పేరుతో తిట్టు అయితే కథ మారిపోతుంది.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలోని సెక్షన్ 3(1)లో ఆర్, ఎస్ అనే రెండు ఉప క్లాజులు ఉన్నాయి. నలుగురికీ కనబడే, వినబడే చోట దళిత, ఆదివాసీ వ్యక్తిని అవమానించాలనే ఉద్దేశంతో కించపరచడం మొదటిది, కులం పేరుతో దూషించడం రెండోది. మైదానం కంటే బహిరంగమైన చోటు ఏముంటుంది? 2021 ఆగస్టు 4న టోక్యో ఒలింపిక్స్ సెమీఫైనల్లో భారత మహిళల హాకీ జట్టు ఓడిపోయిన రోజు, హరిద్వార్ దగ్గర రోష్నాబాద్‌లో వందనా కటారియా ఇంటి ముందు కొందరు టపాసులు కాల్చి కులం పేరుతో తిట్టారని కుటుంబం ఫిర్యాదు చేసింది. ఈ చట్టం కింద కేసు నమోదైంది. అంతకు నాలుగు రోజుల ముందే ఆమె దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ కొట్టింది. ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ చేసిన తొలి భారత మహిళా హాకీ క్రీడాకారిణి ఆమె.

ఇలాంటి ఫిర్యాదును లీగ్ 'ఇద్దరూ సారీ చెప్పుకోండి' అని ముగించకూడదు. కేసు పెట్టాలా వద్దా అనేది బాధితురాలి ఇష్టం. లీగ్ చేయాల్సింది రెండు పనులు. సాక్షుల పేర్లు, వీడియో ఉంటే వీడియో భద్రపరచడం, తన నియమాల కింద తన విచారణ నడపడం. నెట్టినందుకు శిక్ష వేస్తే, తిట్టినందుకు అంతకంటే పెద్ద శిక్ష ఉండాలని నియమావళిలో ముందే రాసి ఉండాలి. దేహాన్ని నెట్టడం హింస అని ఒప్పుకునే పెద్దలు, కులం పేరుతో తిట్టడం 'నోరు జారడం' అనుకుంటారు. నియమావళి వాళ్ల ఊహకు వదిలేయకూడదు.

లైంగిక వేధింపుల సంగతి కూడా అంతే. 2013 చట్టంలో పని ప్రదేశం అనే మాట నిర్వచనంలోనే క్రీడా సంస్థలు, స్టేడియంలు, పోటీలు జరిగే స్థలాలు ఉన్నాయని చాలామందికి తెలియదు. బాధిత మహిళ అక్కడ ఉద్యోగి అయి ఉండాలన్న షరతు కూడా లేదు. పది మంది కంటే తక్కువ మంది పనిచేసే చోట, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయినప్పుడు, జిల్లా స్థాయిలో ఉండే లోకల్ కమిటీకి వెళ్లొచ్చు. ఘటన జరిగిన మూడు నెలల్లో ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు పెంచే వీలుంది. పద్దెనిమిదేళ్లు నిండని అమ్మాయి విషయమైతే పోక్సో చట్టం కింద పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి, లీగ్ పెద్దలు తమలో తాము మాట్లాడుకుని ఆపేస్తే అదే నేరం.

ఇక్కడ ఉద్యమకారులుగా మనల్ని మనమే ప్రశ్నించుకోవాల్సిన చోటు ఒకటి ఉంది. బాధితురాలి పక్షాన నిలబడ్డామంటే ఆరోపణ ఎదుర్కొంటున్న వారికి నోటీసు, విచారణ అక్కర్లేదని కొందరు మిత్రులు అంటారు. గోవా విశ్వవిద్యాలయంలో ఒక విభాగాధిపతి మీద 2009లో విద్యార్థినులు లైంగిక వేధింపుల ఫిర్యాదు చేశారు. కమిటీ హడావిడిగా విచారణ ముగించింది, ఆయన్ను ఉద్యోగం నుంచి తీసేశారు. 2023 మేలో సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. ఆయన నిర్దోషి అని కాదు, ఆయనకు సరైన అవకాశం ఇవ్వకుండా విచారణను పరుగులు పెట్టించారని. 2009 మేలో ఆగిన చోటి నుంచి మళ్లీ మొదలుపెట్టమంది. ఫిర్యాదు చేసిన అమ్మాయిలు పద్నాలుగేళ్ల తర్వాత మళ్లీ మొదటికి వచ్చారు. పద్ధతి తప్పిన విచారణ నిందితుడికి చేసిన అన్యాయం ఎంతో, బాధితులకు చేసిన ద్రోహం అంతకంటే ఎక్కువ.

అయితే విచారణ పూర్తయ్యేదాకా ఆరోపణ ఎదుర్కొంటున్న కోచ్ అమ్మాయిల మధ్యే తిరగాలా? అక్కర్లేదు. తాత్కాలికంగా పక్కన పెట్టడం శిక్ష కాదు. దానికి గడువు ఉండాలి, కారణం రాసి ఉండాలి, విచారణ ఆ గడువులో పూర్తి కావాలి. గడువు లేని తాత్కాలికం మాత్రం పేరు మార్చుకున్న జీవిత నిషేధమే.

శాంతి, ద్యుతీ

విచారణ ఉండడానికీ లేకపోవడానికీ తేడా ఎంత అంటే, రెండు జీవితాలంత.

తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో ఇటుక బట్టీల్లో పనిచేసిన దళిత కుటుంబం నుంచి వచ్చిన శాంతి సౌందరరాజన్ 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల పరుగులో రజతం గెలిచింది. ఆ వెంటనే లింగ నిర్ధారణ పరీక్షలో తప్పిందన్నారు. పతకం వెనక్కి తీసుకున్నారు. వార్త ప్రపంచమంతా తిరిగింది. ఆమె తరఫున అప్పీలు వేసిన సంఘం లేదు, లాయరు లేడు. తర్వాతి ఏడాది ఆమె ఆత్మహత్యకు ప్రయత్నించింది.

ఒడిశాలోని చేనేత కుటుంబం అమ్మాయి ద్యుతీ చంద్‌ను 2014లో హార్మోన్ల పేరుతో కామన్వెల్త్ క్రీడల జట్టు నుంచి తప్పించారు. ఈసారి ఆమె పక్కన కార్యకర్తలు, పరిశోధకులు, డబ్బు తీసుకోని లాయర్లు నిలబడ్డారు. స్విట్జర్లాండ్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి వెళ్లారు. 2015 జులైలో ఆ న్యాయస్థానం ఆ నియమాన్నే తాత్కాలికంగా నిలిపేసింది. ద్యుతీ హైదరాబాద్‌లో శిక్షణ తీసుకుని 2016 రియో ఒలింపిక్స్‌లో 100 మీటర్లు పరుగెత్తింది.

ఇద్దరి శరీరాల గురించి వైద్యులు ఏమన్నా అననివ్వండి. ఒకరికి అడిగే చోటు దొరికింది, ఒకరికి దొరకలేదు. శాంతికి దొరకకపోవడంలో ఎనిమిదేళ్ల కాలం తేడాతో పాటు ఆమె పుట్టిన చోటుకూ పాత్ర ఉందని మేము అనుకుంటాం.

ఎవరు కూర్చుంటారు ఆ బల్ల చుట్టూ

పాలన చెడితే దెబ్బ తగిలేది పదవుల్లో ఉన్నవారికి కాదు. 2022 ఆగస్టులో భారత ఫుట్‌బాల్ సమాఖ్యలో బయటివారి జోక్యం ఉందని ఫిఫా నిషేధం పెట్టింది. పదకొండు పన్నెండు రోజుల్లో అది తొలగింది. ఆ కొద్ది రోజుల్లోనే ఆసియా క్లబ్ పోటీ కోసం ఉజ్బెకిస్తాన్ చేరుకున్న గోకులం కేరళ మహిళా జట్టు ఒక్క మ్యాచ్ ఆడకుండా తిరిగి రావాల్సి వచ్చింది. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చి భారత జట్టుకు ఎదిగిన గుగులోత్ సౌమ్య ఆడిన క్లబ్బుల్లో అదీ ఒకటి. పెద్దల కుర్చీల తగాదాకు శిక్ష అనుభవించింది ఏ తప్పూ చేయని ఆటగాళ్లు.

2025లో పార్లమెంటు జాతీయ క్రీడా పాలన చట్టం చేసింది. జాతీయ సమాఖ్యల కార్యవర్గం పదిహేను మందిని దాటకూడదు, కనీసం నలుగురు మహిళలు ఉండాలి, క్రీడాకారులకు చోటు ఉండాలి, నైతిక నియమావళి, సురక్షిత క్రీడా విధానం ఉండాలి, తగువులకు ప్రత్యేక ట్రిబ్యునల్ ఉంటుంది. మంచిదే. కానీ మహిళలకు సంఖ్య రాసిన చట్టం దళిత, ఆదివాసీ క్రీడాకారిణులకు ఒక్క స్థానం రాయలేదు. మహిళలు అనే మాటలో అందరూ వచ్చేస్తారని ఢిల్లీ అనుకుంటుంది. ఎవరు వస్తారో మనకు తెలుసు.

ఈ చట్టం ఏ సమాఖ్యతోనూ సంబంధం లేని బస్తీ లీగ్‌ను నేరుగా ముట్టుకోదు. అంటే ఆ లోటు మన స్థాయిలో పూడ్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కార్యవర్గంలో, విచారణ జాబితాలో దళిత, ఆదివాసీ, ముస్లిం ఆటగాళ్లకు స్థానాలు ముందే రాసుకోవచ్చు. అప్పీలు ఫీజు పెట్టకుండా ఉండొచ్చు, పెడితే కట్టలేనివారికి మినహాయించొచ్చు. శిక్షల పట్టికను సీజన్ మొదట్లోనే సర్వసభ్య సమావేశంలో చదివి వినిపించొచ్చు. సీజన్ చివర ఎవరెవరికి ఏ శిక్ష పడింది, ఏ జట్టు, ఏ కారణం అని పేర్లు లేకుండా లెక్క బయటపెట్టొచ్చు. ఈ లెక్క చాలా విషయాలు చెబుతుంది. శిక్షలన్నీ రెండు బస్తీ జట్ల మీదే పడుతుంటే తప్పు ఆ అమ్మాయిల ప్రవర్తనలో ఉందా, చూసే కళ్లలో ఉందా అని అడగడానికి అప్పుడు చేతిలో కాగితం ఉంటుంది.

లీగ్‌ను సొసైటీగా రిజిస్టర్ చేయించుకోవడం మంచిదా అని విద్యార్థులు అడుగుతుంటారు. పని పెరుగుతుంది, ఏటా లెక్కలు, జాబితాలు దాఖలు చేయాలి. అయినా చేయించుకోమనే చెబుతాం. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో అమల్లో ఉన్న 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 23 ప్రకారం, సంఘం వ్యవహారాల్లో వివాదం వస్తే సభ్యులు మధ్యవర్తిత్వానికి గానీ, జిల్లా కోర్టుకు గానీ వెళ్లొచ్చు. రిజిస్టర్ కాని గ్రూపు మీద కోర్టులో అడగాలంటే ముందు ఆ గ్రూపు ఏమిటో నిరూపించుకోవాలి. ఒక జాగ్రత్త: నియమావళిలో ఆటగాళ్లందరినీ సభ్యులుగా రాయించుకోండి. జట్టు యజమానులే సభ్యులు, ఆటగాళ్లు కారు అని రాసుకున్న లీగ్‌లో పదో నంబరు అమ్మాయికి సెక్షన్ 23 తలుపు కూడా మూసే ఉంటుంది. 'మా'లో సభ్యత్వం కోసం శ్రీరెడ్డి పట్టుబట్టింది ఎందుకో ఇక్కడ అర్థమవుతుంది. సభ్యత్వం అంటే గుర్తింపు కార్డు కాదు, అడిగే హక్కు.

ఆ నిరసన తర్వాత ఏం జరిగిందో కూడా చెప్పాలి. మహిళా సంఘాలు హైకోర్టుకు వెళ్లాయి. 2019లో తెలంగాణ ప్రభుత్వం సినీ పరిశ్రమలో లైంగిక వేధింపుల మీద ఉన్నత స్థాయి కమిటీ వేసింది. దాని ఉపసంఘం కృష్ణానగర్, ఫిల్మ్‌నగర్‌లలో బతికే జూనియర్ ఆర్టిస్టులు, డాన్సర్లు లాంటి వారి పని పరిస్థితులను చూసి 2022 జూన్‌లో ప్రభుత్వానికి నివేదిక ఇచ్చింది. 2024 ఆగస్టులో కేరళలో హేమ కమిటీ నివేదిక బయటికి వచ్చాక, మన నివేదిక కూడా బయటపెట్టండని నటి సమంత బహిరంగంగా కోరారు. అప్పటికి రెండేళ్లు దాటింది. అప్పటికీ ఆ కాగితాలు ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి.